పాత జీన్సులతో గ్రాప్లింగ్ డమ్మీ: వంగాల్సింది తుంటి దగ్గర, పొట్ట దగ్గర కాదు

జూడో, కుస్తీ, జియు జిట్సు, ఏది నేర్చుకునేవాళ్లకైనా ఒకటే ఇబ్బంది. క్లాసు లేని రోజు పట్టు పట్టడానికి ఎదురుగా మనిషి ఉండడు. బాక్సింగ్ వాళ్లకైతే ఒక బ్యాగు వేలాడదీసుకుంటే పని జరిగిపోతుంది. మనం మాత్రం ఎత్తాలి, తిప్పాలి, పడేయాలి, పడ్డాక మీద కూర్చుని పట్టు బిగించాలి. నాతో పాటు మూడేళ్లు జూడో చేసిన స్నేహితుడికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాక, వారంలో నాలుగు రోజులు నాకు సాధనే లేకుండా పోయింది. అప్పుడు మొదలుపెట్టాను ఈ డమ్మీ పని, అంటే పట్లు సాధన చేయడానికి మనిషి ఆకారంలో ఒక బొమ్మ చేసుకోవడం. ఇప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మా మేడ మీద ఉన్నది మూడోది. మొదటి రెండూ పాడైపోయాయి, వాటి సంగతి కూడా చెప్తాను, అవి తెలియకపోతే మీరూ అవే చేస్తారు.

ఆన్‌లైన్‌లో డమ్మీలు దొరుకుతాయి కానీ చాలావాటికి ఖాళీ తొడుగే వస్తుంది, నింపుకోవాల్సింది మనమే. అసలు కష్టమంతా నింపడంలోనే ఉంది కాబట్టి తొడుగు కూడా మనమే చేసుకోవచ్చు.

మొదటిసారి చేసినప్పుడు నా ధ్యాసంతా బరువు మీదే. పాత జీన్సు, పాత చొక్కా తీసుకుని, రెండింటినీ కలిపి కుట్టేసి, ఇల్లు కడుతున్న చోట అడిగి తెచ్చిన ఇసుక పోసేశాను. నలభై ఐదు కిలోలు తూగింది. లేపి నిలబెట్టగానే ఇసుకంతా కాళ్లలోకి దిగిపోయింది, ఛాతీ ఖాళీ సంచిలా వాలిపోయింది. అయినా సరే అని ఓ గోషి, అంటే ఎదుటివాడిని తుంటి మీదికి ఎక్కించుకుని పడేసే జూడో పట్టు, వేయబోతే అది నా తుంటి మీదికి రాలేదు, పొట్ట దగ్గర చుట్టేసిన పరుపులా మడతపడి కిందికి జారింది. అయిదోసారికి చొక్కా జీన్సు నుంచి ఊడొచ్చి ఇసుక మేడంతా పరుచుకుంది. దాన్ని వంగి లేపినందుకు నాకు నడుం పట్టేసి పది రోజులు క్లాసుకే వెళ్లలేకపోయాను.

అక్కడ నాకు అర్థమైంది ఏంటంటే, డమ్మీకి బరువు కంటే ముందు నడుము కావాలి. ఓ గోషి, హరాయ్ గోషి (తుంటి మీదికి తీసుకుని కాలితో ఊడ్చి పడేసేది), సియోయ్ నాగె (చేయి పట్టి లాగి భుజం మీంచి పడేసేది), ఏది తీసుకున్నా మన తుంటి ఎదుటివాడి బరువు కిందికి చేరాలి, ఆ శరీరం మన వీపు మీద ఒకే ముక్కలా తిరగాలి. మనిషి తుంటి దగ్గర వంగుతాడు, మోకాలి దగ్గర వంగుతాడు, పొట్ట మధ్యలో మాత్రం అలా సగానికి మడతపడడు. డమ్మీ కూడా అలాగే ఉంటే అది పదిహేను కిలోలే అయినా సాధనకి పనికొస్తుంది. పొట్ట దగ్గర మడతపడే డమ్మీ యాభై కిలోలున్నా దండగే.

రెండోదాన్ని ఆ లోపం లేకుండా చేద్దామని గట్టి గోనె సంచుల కోసం చూస్తుంటే, గుంటూరులో ఉండే మా బాబాయి మిర్చి యార్డు నుంచి వాడేసిన సంచులు పది పంపించారు. ఉతికి, రెండు రోజులు ఎండబెట్టి, వాటితోనే మొండెం కుట్టాను. కుట్టు బాగా వచ్చింది. కానీ మొదటిసారి ఎత్తి పడేయగానే ఆ నేతలో ఇరుక్కున్న కారం పొడి లేచి కళ్లలో, ముక్కులో పడింది, పైన పడుకుని పట్టు వేస్తే చెమటకి మెడంతా మంట. మళ్లీ ఉతికాను, మళ్లీ అంతే. గుంటూరు వాళ్లకి ఈ సంచులు చేతికందే దూరంలో ఉంటాయి కాబట్టి గట్టిగా చెప్తున్నాను, మిరపకాయలు నింపిన గోనె దేనికైనా వాడుకోండి, డమ్మీకి మాత్రం వద్దు.

ఇప్పుడు మూడోది ఎలా చేశానో చెప్తాను. కావాల్సినవి ముందే పోగేసుకోండి, మధ్యలో ఆపితే కూరిన బట్ట వదులైపోతుంది. రెండు జీన్సులు, ఒకటి 34 సైజు, లోపల వేయడానికి ఇంకోటి 32. రెండు దళసరి ఫుల్‌హ్యాండ్స్ చొక్కాలు, డెనిమ్ అయితే మంచిది. పాత యోగా మ్యాట్ ఒకటి. మంచాలకి అల్లే నవారు పట్టీ మూడంగుళాల వెడల్పుది ముప్ఫై అడుగులు, వన్‌టౌన్‌లో తాళ్లు అమ్మే కొట్లలో దొరుకుతుంది, పత్తిది కాకుండా నైలాన్‌ది అడగండి. గోనెలు కుట్టే దబ్బనం, మందపాటి నైలాన్ దారం. కొంచెం పొడి ఇసుక. ఇక నింపడానికి పాత బట్టలు ఇరవై కిలోలు.

ఇరవై కిలోలంటే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఒక జీన్సు ఏడెనిమిది వందల గ్రాములు, కాటన్ చీర అరకిలో అటూ ఇటూ ఉంటుందనుకుంటే ఎన్ని కావాలో మీరే లెక్కేసుకోండి. మా ఇంట్లో అన్నీ పోగేసినా ఎనిమిది కిలోలు దాటలేదు. మిగతాది మా పక్కింటి పిన్నిగారు ఇప్పించారు, పాత బట్టలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ మా వీధికి వస్తే, "మా అబ్బాయికి చిరిగినవైనా పర్లేదమ్మా, తూకానికి ఇచ్చెయ్" అని బేరం చేసి పెట్టారు. టైలర్ షాపుల్లో కటింగ్ ముక్కలు కూడా అడగొచ్చు, అవి చిన్నవిగా ఉంటాయి కాబట్టి చేతులకీ మడమలకీ బాగా కూరుకుంటాయి. బట్టలకున్న గుండీలు, హుక్కులు, జిప్పులు అన్నీ కత్తిరించేయండి, ఒక్క హుక్కు పైకి పొడుచుకొచ్చినా మొహం గీరుకుపోతుంది.

రంపపు పొట్టు, ఊక ఎందుకు వద్దంటే, మన కృష్ణ ఒడ్డు గాలికి వానాకాలంలో అవి చెమ్మ పీల్చి ముక్కిన వాసన వస్తాయి, ఊకకైతే ఎలుకలు కూడా వస్తాయి. దూది మొదట మెత్తగా బానే ఉంటుంది గానీ నెల తిరిగేసరికి అణిగిపోయి సగమవుతుంది. లోపల పీవీసీ పైపులతో అస్థిపంజరం కట్టేవాళ్లు ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి. పైపు ఒకసారి విరిగితే ఆ అంచు కత్తిలా ఉంటుంది, మీరు దాని మీద పూర్తి బరువుతో పడతారు.

ఎముకల పని నవారు చేస్తుంది. ఏడడుగుల పట్టీలు రెండు తీసుకోండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి పై మూడడుగులు కలిపి కుట్టేస్తే అది వెన్ను, కింద విడిగా ఉన్న నాలుగడుగులు రెండు కాళ్లలోకి పోతాయి. ఇంకో ఆరడుగుల పట్టీ భుజాల ఎత్తులో అడ్డంగా పెట్టి వెన్నుకి కుట్టండి, అది ఒక చేతి నుంచి ఇంకో చేతి దాకా పోతుంది. ఇదెందుకంటే, సియోయ్ నాగెలో మనం లాగేది చేతిని. పట్టీ లేకపోతే ఆ లాగుడంతా చొక్కా భుజం కుట్టు మీద పడి వారంలో చిరిగిపోతుంది. పట్టీ ఉంటే లాగుడు నేరుగా వెన్నుకి పోతుంది, బట్ట మీద భారం పడదు. ఇక యోగా మ్యాట్‌ని వెన్ను పట్టీ చుట్టూ వీలైనంత బిగువుగా చుట్టి తాడుతో నాలుగు చోట్ల కట్టేయండి. మామూలు మ్యాట్ వెడల్పు రెండడుగులు ఉంటుంది, చుట్టినప్పుడు అంతే పొడవు చుట్ట వస్తుంది, మనిషి మొండెం పొడవుకి సరిగ్గా సరిపోతుంది. గట్టిగా ఉంటుంది, కొంచెం స్ప్రింగులా వంగి మళ్లీ నిలబడుతుంది, విరగదు.

కాళ్లు. చిన్న జీన్సుని పెద్ద జీన్సులోకి తొడిగి, కింద అంచులు రెండూ కలిపి కుట్టండి. కూరే ముందే మోకాలి వెనక వైపు రెండంగుళాల బట్ట మడిచి గట్టిగా కుట్టేయాలి, అప్పుడు నింపాక కాలు దానంతటదే కాస్త వంగి ఉంటుంది. తిన్నగా కర్రలా ఉన్న కాళ్లతో మౌంట్ (పడ్డవాడి మీద అటో కాలు ఇటో కాలు వేసి కూర్చోవడం) గానీ సైడ్ కంట్రోల్ (పక్క నుంచి ఛాతీతో అదిమి పట్టడం) గానీ సాధన చేయలేం. నవారు చివర అడుగున పాదం దగ్గరికి తెచ్చి జీన్సు అంచుకి కలిపి కుట్టి, తర్వాత కూరడం మొదలుపెట్టండి.

కూరడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా అంచనాలో మొత్తం పనిలో ముప్పాతిక వంతు ఇదే. బట్టల్ని ఉండలు చేసి తోయకూడదు, ఉండల మధ్య ఖాళీలు మిగిలి వారం తిరగకుండా గడ్డలు తేలుతాయి. చీరల్ని, దుప్పట్లని అరచేతి వెడల్పు పీలికలుగా చించి, పట్టీ చుట్టూ పొరలు పొరలుగా దింపుతూ, ప్రతి నాలుగంగుళాలకీ రోకలితో దంచాలి. మా అమ్మని అడిగితే మొదట వద్దంది, తర్వాత పసుపు కొట్టే పాత రోకలి ఇచ్చింది. జీన్సు కాలుని రెండు మోకాళ్ల మధ్య నిటారుగా పట్టుకుని ఒక చేత్తో పట్టీని పైకి లాగి పట్టుకోవాలి, రెండో చేత్తో రోకలి. పోటు పడ్డప్పుడు మొదట మెత్తగా దిగుతుంది, పది పోట్లు అయ్యాక చప్పుడు మారుతుంది, బట్టల మూట మీద కొట్టినట్టు కాకుండా చెక్క మీద కొట్టినట్టు టక్కుమంటుంది, రోకలి వెనక్కి ఎగురుతుంది. ఆ చప్పుడు వస్తేనే తర్వాతి పొర. ఒక్కో కాలికి నాకు గంటన్నర పట్టింది, నాలుగు కిలోల బట్ట పోయింది. బొటనవేలితో తొడ మీద నొక్కితే అరంగుళం కంటే ఎక్కువ దిగకూడదు. చేయి నొప్పెడుతుంది, ఇద్దరైతే మంచిది.

తొడ పైకొచ్చాక, కాలు మొండానికి కలిసే గజ్జల దగ్గర మూడంగుళాల మేర మాత్రం కొంచెం వదులుగా వదలండి. డమ్మీ వంగాల్సిన చోటు అదొక్కటే. దాని పైన, తుంటి నుంచి మెడ దాకా మళ్లీ రాయిలా ఉండాలి.

ఇసుక ఇప్పుడు వస్తుంది, అదీ కొంచెమే. లీటరు కొలత పొడి ఇసుక ఒకటిన్నర కిలోల పైనే తూగుతుంది, అంటే నాలుగు ప్యాకెట్లు చాలు ఆరు కిలోలకి. ఇసుకని ఎండలో ఆరబెట్టి, జల్లించి, మందపాటి కవర్లో పోసి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి టేపు వేసి, పైన పాత సాక్సు తొడగండి. కవరు నిండా పోయొద్దు, అయిదో వంతు ఖాళీ ఉంచి గాలి తీసేస్తే పడ్డప్పుడు ఇసుక అటూ ఇటూ సర్దుకుంటుంది, నిండుగా ఉంటే అదే దెబ్బకి పగులుతుంది. ఈ నాలుగింటినీ మ్యాట్ చుట్ట కింది భాగానికి చుట్టూ అమర్చి దుప్పటి ముక్కతో బిగించి కట్టండి. మ్యాట్ కింది కొస బెల్టు గీత కంటే నాలుగు వేళ్లు దిగువకి, అంటే జీన్సు లోపలికి ఉండాలి. బరువు తుంటి దగ్గర, శరీరం లోపలికి ఉంటుంది, పైన నాలుగంగుళాల బట్ట ఉంటుంది కాబట్టి మీకు గుచ్చుకోదు.

చొక్కాలు రెండూ ఒకదానిలో ఒకటి తొడిగి, డమ్మీకి వెనక్కి తిప్పి వేయండి, గుండీల వరస వీపు వైపు రావాలి. నింపే మూత అదే. చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే ఆ అంచు పొడవునా ఇనుప రింగులు కొట్టి ఇచ్చారు, బూటు లేసుతో బిగించుకోవచ్చు, ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పి ఇంకాస్త కూరుకోవచ్చు. చొక్కా అంచు జీన్సు లోపలికి ఆరంగుళాలు పోనివ్వండి.

ఇక నడుము కుట్టు. మొదట నేను దబ్బనంతో చుట్టూ రెండు వరసలు వేసి సరిపోయిందనుకున్నాను. అనుమానంతో ఆటోనగర్‌లో లారీ సీట్లు కుట్టే ఒకాయనకి చూపించాను. ఆయన జీన్సు, చొక్కా కలిసే చోట రెండు చేతులూ వేసి ఒక్కసారి విడదీసినట్టు లాగారు, దారం పక్కన బట్ట పిగలడం నా కళ్ల ముందే కనిపించింది. "బాబూ, నీ దారం తెగదు, దారమే గుడ్డని కోసేస్తది. లాగుడు ఒక్క గీత మీద పడకూడదు, పట్టీ మీద పడాలి" అన్నారు. ఆయన చెప్పినట్టే చేశాను. నడుం చుట్టూ బెల్టులా ఒక నవారు. దాని మీదుగా నిలువుగా అడుగున్నర పట్టీలు నాలుగు, ముందు రెండు, వెనక రెండు, పై సగం చొక్కా మీద, కింది సగం జీన్సు మీద. ప్రతి పట్టీ చివర చదరంగా కుట్టి, ఆ చదరం మధ్యలో ఇంటూ గుర్తులా అడ్డంగా మళ్లీ రెండు కుట్లు. కుట్టేటప్పుడు డమ్మీని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లని కొంచెం పైకి మడిచి ఉంచండి, తిన్నగా పెట్టి కుడితే తర్వాత తుంటి దగ్గర వంగదు. దబ్బనం నాలుగు పొరల్లోంచి పోదు, కొవ్వొత్తి మైనం రాసి, వెనక నుంచి కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని లాగాలి. ఈ కుట్టు వేసి పద్నాలుగు నెలలైంది, ఒక్క పోగు లేవలేదు.

చేతులు తేలిక. మోచేతి లోపలి వైపు మోకాలికి పెట్టినట్టే మడత, ముందుకు కొంచెం వంగి ఉండాలి. చివర పిడికిలంత గట్టి ఉండ కట్టండి, లేకపోతే మణికట్టు పట్టు జారిపోతుంది. తలకి బట్టల్ని బంతిలా చుట్టి మెడతో కలిపి ఒకే ముక్కగా చేసి, ఆ మెడని ఛాతీలోకి ఆరంగుళాలు దించి వెన్ను పట్టీకి కట్టేయండి. మెడ సన్నగా ఉంటే గిలటిన్ లాంటి, ముందు నుంచి మెడ చుట్టూ చేయి వేసి బిగించే పట్లు అబద్ధంగా తేలిగ్గా పడతాయి, మీ మెడ చుట్టుకొలత కొలిచి అంతే ఉంచండి.

అంతా అయ్యాక పైన పాత జూడో గీ (సాధనలో వేసుకునే దళసరి దుస్తులు) కోటు వేసి బెల్టు కట్టాను, కాలర్ పట్టుకోవడానికి. కుస్తీ వాళ్లకి అది అక్కర్లేదు. డక్ట్ టేప్‌తో ఒళ్లంతా చుట్టొద్దు, మే నెల బెజవాడ ఎండకి జిగురు కరిగి ఒంటికంటుకుంటుంది. నాది మొత్తం ఇరవై తొమ్మిది కిలోలు తూగింది. నా బరువు 66 కిలోల కేటగిరీ, దాంట్లో సగానికి కొంచెం తక్కువ. ప్రాణం లేనిది, మనకి ఏమాత్రం సాయపడనిది కాబట్టి ఇరవై తొమ్మిదే చేతుల్లో చాలా ఎక్కువ అనిపిస్తుంది. ఇసుక ప్యాకెట్లు లేకుండా ఇరవై మూడుతో రెండు వారాలు చేసి, నడుం అలవాటు పడ్డాకే పెంచండి. పదేళ్ల పిల్లల కోసమైతే పిల్లల జీన్సుతో పది కిలోల లోపే చేయండి, ఇసుక అసలు వద్దు.

నేల మీద నుంచి లేపేటప్పుడు వంగి వీపుతో లాగకండి. దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఛాతీకి హత్తుకుని, కాళ్లతో లేవండి. ఉచికోమి, అంటే పడేయకుండా లోపలికి వెళ్లి రావడం మళ్లీ మళ్లీ చేయడానికి, డమ్మీ మెడ వెనక నవారు ఉచ్చు కుట్టి వాటర్ ట్యాంకు దిమ్మె కాంక్రీటు దూలానికి తాడుతో కట్టాను, పాదాలు నేలకి ఆనీ ఆననట్టు ఉండాలి. ఇంట్లో ఫ్యాన్ కొక్కేనికి మాత్రం తగిలించొద్దు, ఆ గుంజుడుకి అది నిలవదు. పడేయడానికి కింద పాత కొబ్బరి పీచు పరుపులు రెండు వేసి పైన టార్పాలిన్ బిగించాను. అయినా కింది వాటాలో వాళ్లకి చప్పుడు వెళ్తుంది, ముందే చెప్పి వేళ మాట్లాడుకోండి. నేను సాయంత్రం ఆరు నుంచి ఏడు మధ్యే పడేస్తాను, కుడివైపు పది, ఎడమవైపు పది, అలా నాలుగు సార్లు, తర్వాత పదిహేను నిమిషాలు కింద పట్లు. మీదున్నప్పుడు మోకాలిని పొట్ట మీంచి అటు నుంచి ఇటు మార్చడం, మౌంట్ నుంచి ఆర్మ్‌బార్‌కి, అంటే మోచేతిని వెనక్కి విరిచే పట్టుకి తిరగడం, ఇవి దీని మీద చాలా బాగా కుదురుతాయి. ఎదుటివాడిని కదిలించి తూకం తప్పించడం మాత్రం దీని మీద రాదు, అది తిరిగి తోయదు కదా, దానికి క్లాసులో మనిషే కావాలి.

మొదటి నెలలో బట్ట అణుగుతుంది. ముందు భుజాల కింద, తర్వాత తొడ లోపలి వైపు మెత్తబడుతుంది. లేసు విప్పి, చేయి పెట్టి ఖాళీ ఎక్కడుందో తడిమి, పీలికలు వేసి మళ్లీ రోకలితో దంచండి, నాకు ఇంకో రెండు కిలోలు పట్టింది. పదిహేను రోజులకోసారి అటు తిప్పి ఇటు తిప్పి ఎండబెట్టి, చెమట పట్టిన గీ కోటు విడిగా ఉతకండి. వానలు మొదలయ్యాక మేడ మీద వదలొద్దు. లోపలి బట్ట ఒకసారి తడిసిందంటే పైనుంచి ఎంత ఎండబెట్టినా ఆరదు, మొత్తం విప్పి ఆరేయాల్సిందే. నేను జూన్ మొదటి వారంలోనే దాన్ని కిందికి తెచ్చి మెట్ల కింద చెక్క పలక మీద కూర్చోబెడతాను, గోడకి ఆనకుండా.